ఐదో గేరు

పాత వస్తువుల విషయంలో మనకి రెండు నాలుకలు. పాత బియ్యానికి వచ్చిన రుచి కొత్త బియ్యానికి రాదని మెచ్చుకునేదీ మనమే, ఎవరైనా నాలుగు మంచి మాటలు చెప్పబోతే పాత చింతకాయ పచ్చడి అని తీసిపారేసేదీ మనమే. అమ్మమ్మ నీళ్ళు తోడిన ఇత్తడి బిందె ముందు గదిలో పూలకుండీ అవుతుంది. తాతగారి గోడగడియారం ఆగిపోయి ఏళ్ళయినా గోడ దిగదు. అడిగితే, గౌరవం కొద్దీ వుంచామంటాం.

సరే, వుంచాం. కానీ పాతదాన్ని గౌరవించడమంటే ఏమిటి? వున్నదున్నట్టు, వేలు పెట్టకుండా కాపాడటమా? లేక అవసరమైతే ఒక భాగం మార్చి అయినా సరే, దాని పని దాన్ని చేసుకోనివ్వడమా? మారిస్తే అది అదేనా, ఇంకోటా?

ఇలాంటివన్నీ పండితులు తీరిగ్గా కూచుని తేల్చవలసిన ప్రశ్నలని నా అభిప్రాయం. అయితే ప్రశ్నలకి మన అభిప్రాయాలతో పనేముంది? ఇది మా ఇంటికి గేరు బాక్సు రూపంలో వచ్చి, నెల్లాళ్ళు భోజనాల దగ్గర కూచుంది.

మా మావగారు కొన్న అంబాసిడర్ ఒకటి వుంది. 1969 నాటిది, మార్కు 2. ఆయన పోయి పన్నెండేళ్ళయినా కారు మాత్రం నడుస్తూనే వుంది. అంబాసిడర్ గురించి తెలియని ఇల్లు ఏముంది లెండి. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు వుండేది. దాని మూడో సిరీసు నమూనాతో కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో 1958లో మొదలుపెట్టి 2014 దాకా అంబాసిడర్‌ని తయారుచేశారు. పెళ్ళికూతుళ్ళని అత్తారింటికి తీసుకెళ్ళిందీ, మంత్రులని అసెంబ్లీకి తీసుకెళ్ళిందీ అదే. మా కారులో వున్నది 1489 సీసీల పెట్రోలు ఇంజను. గేర్లు నాలుగు. గేరు రాడ్డు ఇప్పటి కార్లలోలా కింద వుండదు, స్టీరింగు పక్కన వుంటుంది. ముందు సీటు బల్లలాగా మొత్తం ఒకటే. నడిపేవారూ, ఆ చివర ఇల్లాలూ, మధ్యలో ఇంట్లోకల్లా చిన్నవాడూ. మావారు చిన్నప్పుడు పదేళ్ళు ఆ మధ్య సీటులోనే ప్రయాణం చేశారట.

మా అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం. తాతయ్య కారు విజయవాడ నుంచి తీసుకెళ్ళి తనే నడుపుకోవాలని వాడి కోరిక. "అమ్మా, ఊళ్ళో అయితే బాగానే వుంటుంది. హైవే ఎక్కితే మాత్రం ఇంజను గోల పెడుతుంది. నాలుగు గేర్ల బాక్సు తీసేసి ఐదు గేర్లది పెట్టిస్తాను" అన్నాడు.

గేరు సంగతి కుట్టు మిషను తొక్కే వాళ్ళకి ఒకరు చెప్పనక్కర్లేదు. కింద పెద్ద చక్రం ఒక్క చుట్టు తిరిగేలోపల పైన చిన్న చక్రం చకచకా ఎన్నోసార్లు తిరుగుతుంది. కాలికి ఎంత శ్రమ, సూదికి ఎంత వేగం అన్నది ఆ రెండు చక్రాల పొత్తుని బట్టి వుంటుంది. కారులో గేర్లు చేసే పనీ అదే. మొదటి గేరులో ఇంజను గబగబా తిరుగుతుంది, బండి మెల్లిగా కదులుతుంది, బలం ఎక్కువ. నాలుగోదానికి వచ్చేసరికి ఇంజను ఎన్ని చుట్లు తిరిగితే, దాని బలాన్ని వెనక్కి తీసుకెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్టూ అన్నే చుట్లు తిరుగుతుంది. పాత కార్లకి అక్కడితో సరి. ఇంకా వేగం కావాలంటే ఇంజను ఇంకా పరుగెత్తవలసిందే.

ఐదో గేరు ఇక్కడ అక్కరకొస్తుంది. దాని నిష్పత్తి 0.82 అనుకోండి. అంతకు ముందు నిమిషానికి 3000 చుట్లు తిరిగితేగాని రాని వేగం, ఇప్పుడు 2460 చుట్లకే వస్తుంది. నిమిషానికి 540 చుట్లు ఆదా. గంటకి 32,400. ఐదు గంటలు అదే వేగంతో వెళితే లక్షా అరవై రెండు వేల చుట్లు ఆ ముసలి ఇంజను తిరగక్కర్లేదు. నేను కాగితం మీద లెక్క వేసి చూసి, "ఇన్నిసార్లా, పాపం!" అన్నాను. మావారు నవ్వారు. ఇంజనుని పాపం అన్నదాన్ని నేనేనట.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఐదో గేరు వల్ల కారుకి కొత్త బలం ఏమీ రాదు. ఇంజను అదే, దాని శక్తీ అంతే. ఎత్తు ఎక్కవలసి వస్తే ఐదోది పనికిరాదు, మళ్ళీ నాలుగుకో మూడుకో దిగాలి. చదును రోడ్డు మీద అలుపు తగ్గించడం ఒక్కటే అది చేసే మేలు.

పని మాత్రం చిన్నది కాదు. ఆటోనగర్ మేస్త్రి వచ్చి, కారు కింద పడుకుని చూసి, వేళ్ళు మడిచి లెక్క చెప్పాడు. వేరే బండి గేరు బాక్సు ఈ ఇంజనుకి తిన్నగా అతకదు, బోల్టు రంధ్రాలు కలవవు. రెంటికీ మధ్య లేతు మీద చేయించిన పలక ఒకటి బిగించాలి. క్లచ్చి ప్లేటు మధ్యలో వుండే పళ్ళు కొత్త షాఫ్టు పళ్ళతో కలవాలి. బాక్సుని కింద మోసే దిమ్మ వేరే చేయించాలి. బాక్సు పొడుగు మారింది కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్టు పొడుగూ మారాలి, బ్యాలన్సు చేయించకపోతే బండంతా వణుకుతుంది. స్పీడు చూపించే ముల్లు అబద్ధం చెప్పకుండా దాన్నీ సరిచేయాలి. అన్నిటికీ మించి, గేరు రాడ్డు స్టీరింగు దగ్గర నుంచి దిగి నేలమీదికి వస్తుంది. దానికోసం కారు నేలకి రంధ్రం పెట్టాలి. ముందు సీటు మధ్యలో ఇక చిన్నవాడు కూచోలేడు.

ఈ పని మావాడి సొంత తెలివి కాదు. ఇంగ్లండులో మోరిస్ మైనర్, ఎంజీబీ లాంటి పాత కార్ల వాళ్ళు ఫోర్డు సియెర్రా తాలూకు ఐదు గేర్ల బాక్సు తెచ్చి పెట్టుకోవడం మామూలే. అందుకు కావలసిన సామానంతా ఒక్క సెట్టుగా దొరుకుతుంది కూడా. అంతెందుకు, అంబాసిడర్ చేసిన కంపెనీయే 1990లలో ఇసుజు ఇంజనూ ఐదు గేర్ల బాక్సూ పెట్టి కార్లు అమ్మింది. వాటిలో గేరు రాడ్డు కిందికి దిగింది, బల్ల సీటు రెండు ముక్కలైంది.

మా మరిదికి ఇది బొత్తిగా నచ్చలేదు. "ఒరిజినల్‌గా వున్న కారు వదినా. నట్టు మార్చినా దాని విలువ పోతుంది" అన్నాడు. చట్టం కూడా తన వైపే వుందన్నాడు. 2021లో కేంద్రం వింటేజి వాహనాలకి నియమాలు పెట్టింది. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో వుండి, చాసిస్‌లో గాని బాడీలో గాని ఇంజనులో గాని పెద్ద మార్పు చెయ్యని వాటికే ఆ గుర్తింపు. "అందులో గేరు బాక్సు పేరు లేదుగా బాబాయ్" అంటాడు మావాడు. "పేరు రాయకపోతే చెయ్యొచ్చనా?" అంటాడు ఆయన. ఆర్‌సీ పుస్తకంలో ఇంజను నంబరు వుంటుంది, చాసిస్ నంబరు వుంటుంది, గేరు బాక్సుకి మాత్రం చోటు లేదు. పాపం, బలాన్నంతా చక్రాలదాకా మోసేది అదీ, పుస్తకంలో పేరు లేనిదీ అదే. ఇలాంటి వాళ్ళు ప్రతి ఇంట్లోనూ వుంటారు కదూ!

మరిది మాట తీసిపారెయ్యతగ్గది కాదు. అయితే వింటున్నంతసేపూ నాకు రుబ్బురోలు గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు గ్రైండర్లు కొత్తగా వచ్చిన రోజుల్లో, "రోట్లో రుబ్బిన పిండి రుచే వేరు" అని లొట్టలు వేసిన వాళ్ళెవరూ పొత్రం పట్టిన వాళ్ళు కారు. రుచి వేరన్న మాట నిజమే, కాదనను. కానీ ఆ రుచి ఖరీదు ఇంకొకరి భుజాల నుంచి చెల్లుతోంది. వున్నదాన్ని వున్నట్టే వుంచాలని ఎవరైనా గట్టిగా అంటే, ఆ వుంచడంలో అలుపు ఎవరిదో ఒకసారి కనుక్కోవడం మంచిది. ఏడాదికోసారి ప్రదర్శనలో కారు చూసి మురిసేవారికి ఇంజను గోల వినిపించదు.

ఇక అది అదేనా, ఇంకోటా అన్న ప్రశ్న. దీనికి వయసు చాలా ఎక్కువ. గ్రీకుల కథానాయకుడు థీసియస్ ఓడని ఏథెన్సు వాళ్ళు భద్రంగా దాచారనీ, పుచ్చిన చెక్క తీసి కొత్త చెక్క వేస్తూ పోయారనీ, అది అదే ఓడా కాదా అని తత్వవేత్తలు రెండు పక్షాలయ్యారనీ ప్లూటార్కు రాశాడు. తరవాత ఎప్పుడో హాబ్స్ అనే ఇంగ్లీషు ఆయన ఇంకో ముడి వేశాడు. తీసేసిన పాత చెక్కలన్నీ ఒకడు పోగుచేసి, వాటితో ఇంకో ఓడ కడితే? అప్పుడు అసలు ఓడ ఏది?

ఆ ముడి పుస్తకాల్లోనే వుంటుందనుకున్నాను గాని, ఆటోనగర్ మేస్త్రి దాన్ని మా వాకిట్లోకి తెచ్చాడు. "పాత బాక్సు నాకు ఇచ్చెయ్యండి అమ్మగారూ. ఇలాంటి బండే ఒకటి షెడ్డులో వుంది, దానికి పెడతాను" అన్నాడు. మావగారు నలభై ఏళ్ళకి పైగా వేసిన గేర్లు ఎవరి బండిలోనో తిరుగుతుంటే, మావగారి కారు ఏదవుతుంది? మా వాకిట్లో వున్నదా, అక్కడున్నదా?

మనవాళ్ళు దీనికి సమాధానం చెప్పకపోలేదు. రథం ఎక్కి వచ్చిన మిలిందుడనే గ్రీకు రాజుని నాగసేనుడనే బౌద్ధ భిక్షువు అడుగుతాడు: రాజా, నొగ రథమా? ఇరుసు రథమా? చక్రాలా? ఏదీ కాదంటాడు రాజు. ఇవన్నీ కలిసి వున్నప్పుడు మనం పెట్టుకున్న పేరే రథం అని తేలుతుంది. పాళీ భాషలోని మిలిందపన్హలో వుంది ఈ సంవాదం. మనసుకి కాస్త శాంతి కలిగించే మాటే గాని, పూర్తిగా కాదు. పేరే అయితే మా అత్తగారికి ఆ గేరు రాడ్డు మీద అంత ప్రాణం ఎందుకు?

నాకు ఇంకా దగ్గరగా తోచింది పూరీ. అక్కడ జగన్నాథుడి రథాలు ఏటేటా కొత్తవి చేస్తారు. రథాలే కాదు, దారు విగ్రహాలు కూడా. అధిక ఆషాఢం వచ్చే ఏడాది చూసుకుని నవకళేబరం చేస్తారు. 1996లో జరిగింది, మళ్ళీ 2015లో జరిగింది. వేపమాను వెతికి కొత్త మూర్తులు చెక్కి, పాత మూర్తుల్లోని బ్రహ్మపదార్థాన్ని రాత్రిపూట, కళ్ళకి గంతలు కట్టుకుని, చేతులకి బట్ట చుట్టుకుని కొత్తవాటిలోకి మారుస్తారు. పాతవాటిని అవతల పారెయ్యరు. కోయిలి వైకుంఠంలో సమాధి చేసి, అయినవాళ్ళు పోయినట్టు దైతాపతులు మైల పడతారు. మారిందని దాచరు, మారలేదని బుకాయించరు. తీసినదానికి చెయ్యవలసినది చేస్తారు, వుండవలసినదాన్ని కొనసాగిస్తారు. వేల మైళ్ళ అవతలి ఓడ కథకి పూరీలో ఇంత చక్కటి జవాబు వుంది.

మా అత్తగారికి ఎనభై ఎనిమిది. ఈ చర్చ జరిగినన్నాళ్ళూ ఆవిడ ఒకే మాట అన్నారు: "ఆ రాడ్డు మీద ఆయన చెయ్యి వుందర్రా." దానికి ఎవరిదగ్గరా సమాధానం లేకపోయింది. చివరికి మావాడు ఒక ఉపాయం ఆలోచించాడు.

"మామ్మా, పాత గేరు రాడ్డు స్టీరింగు పక్కనే అలా వుంచేస్తాను. పని చెయ్యదనుకో. కానీ చూడ్డానికి అచ్చం తాతయ్య కారులాగే వుంటుంది."

ఆవిడ వత్తులు చేస్తున్నదల్లా చెయ్యి ఆపారు.

"పని లేనిది అక్కడెందుకురా? పని తీసేసి పీట వేసి కూచోబెట్టడం నాకు తెలియని సంగతి కాదులే. మజ్జిగ చిలకబోతే వద్దంటారు, పోపు పెట్టబోతే వద్దంటారు. పెద్దవారు, కూచోండి అంటారు. కూచునే వున్నాను. దాన్ని కూడా నాలాగా చెయ్యకు."

కోపంగా అనలేదు. నవ్వుతూనే అన్నారు. కాస్సేపాగి మళ్ళీ ఆవిడే చెప్పారు. "నందిగామ దాటాక రోడ్డు తిన్నగా వచ్చేది. మీ తాతయ్య నాలుగో గేరులోనే వుండేవారా, అయినా చెయ్యి మళ్ళీ రాడ్డు మీద వేసేవారు, ఇంకోటి వుందేమో అన్నట్టు. లేదని ఆయనకీ తెలుసు. ప్రతిసారీ వేసేవారు."

ఇక ఎవరూ ఏమీ అనలేదు. ఆ తరవాత పని జరిగింది. ప్రొపెల్లర్ షాఫ్టు పాతది కొయ్యకుండా కొత్తది చేయించారు. నేలకి పెట్టిన రంధ్రం చుట్టూ విప్పుకునే వీలున్న రేకు బిగించారు. పాత బాక్సూ, రాడ్డూ మేస్త్రికి ఇవ్వలేదు. నూనె రాసి గోనెలో చుట్టి అటక కింద పెట్టారు. ఏం మార్చారో, ఎప్పుడు మార్చారో కారు కాగితాలతోపాటు ఒక పుస్తకంలో రాసి పెట్టారు. రేపు ఈ కారు ఎవరి చేతికి వెళ్ళినా, ఒరిజినల్ అని నమ్మి మోసపోకూడదు కదా. మధ్య సీటు మాత్రం పోయింది. దానికి మందు లేదు. మార్పుకి ఖరీదు వుంటుంది. ఏ ఖరీదూ లేని మార్పు అని ఎవరైనా చెబితే, వాళ్ళు ఏదో అమ్మవచ్చారని అనుమానించాలి.

ఇదంతా చూశాక నాకు తోచింది ఇది. పాతదాన్ని మార్చవచ్చా కూడదా అన్నది అసలు ప్రశ్న కాదు. ఎందుకు మారుస్తున్నాం, దాచకుండా మారుస్తున్నామా, తిరిగి వెనక్కి రావడానికి దారి వుంచుకున్నామా అన్నవి అసలు ప్రశ్నలు. పాత కారుకి మెరుపులు అద్ది, కొత్త కారుతో పందెం వేయించడం గౌరవం కాదు. అది మన డాబు. అద్దాల గదిలో పెట్టి తాళం వెయ్యడం అంతకంటే మర్యాదగా కనిపించే అగౌరవం. ఈ రెంటి మధ్యా సన్నటి దారి ఒకటి వుంది. దాని బలం ఎంతో అంతే వుండనిచ్చి, అలుపు తగ్గించి, దాని పని దాన్ని చెయ్యనివ్వడం.

ఇనుముకి ఇంత ఆలోచించాం. మనుషుల విషయంలో మనకి సాధారణంగా రెండే గేర్లు తెలుసు. ఓపిక వున్నన్నాళ్ళూ నాలుగో గేరులో గోల పెట్టేదాకా పరుగెత్తిస్తాం. ఓపిక తగ్గగానే ఇంజను ఆపేసి, దండ వేసి, పెద్దవారు కూచోండి అంటాం. చిలకడం చేతకాకపోతే చిన్న మిక్సీ అందుబాటులో పెట్టవచ్చు. నిలబడలేకపోతే పొయ్యి గట్టు కాస్త దించవచ్చు, పక్కన ఎత్తు పీట వెయ్యవచ్చు. పోపు ఆవిడే పెడతారు. ఆవాలు చిటపటలాడినంతసేపూ ఆ ఇంట్లో ఆవిడ ఒక వస్తువు కాదు, మనిషి.

వయసుకి కొత్త బలం ఇవ్వడం ఎవరి తరమూ కాదు. అదే దారిని కాస్త తక్కువ అలుపుతో నడిచే వీలు మాత్రం ఇవ్వగలం. వున్నదున్నట్టు వదిలెయ్యడం సులువు, తీసి పక్కన పెట్టడం ఇంకా సులువు. ఈ మూడోదానికే కాస్త తీరికా, ఇంకాస్త ప్రేమా కావాలి.

మీ ఇంట్లో గోడ మీద ఆగిపోయిన గడియారం ఏదైనా వుంటే, దానికి దణ్ణం పెట్టే ముందు ఒకసారి తలుపు తీసి కీ ఇచ్చి చూడండి. తిరుగుతుందేమో!